ఫ్రీ సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది సరే, తాళాలు ఎవరి దగ్గర? ఉదయగిరి వైపు ఒక సేవాసంస్థ కేస్ స్టడీ

నెల్లూరు జిల్లా ఉదయగిరి, వింజమూరు, సీతారామపురం మండలాల్లో పనిచేసే ఒక సొసైటీ సంగతి ఇది. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సాయంత్రం ట్యూషన్ సెంటర్లు, కంటి పరీక్షల క్యాంపులు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు నెలనెలా మందులు, పింఛన్ల కోసం అర్జీలు రాసిపెట్టడం వాళ్ల పనులు. జీతం మీద పనిచేసేవాళ్లు పదిమంది లోపే. ప్రెసిడెంటు రిటైరైన హెడ్మాస్టరు, అందరికీ ఆయన మాస్టారే. నేను నెల్లూరులో ఉంటూ చిన్న సంస్థలకు, క్లినిక్కులకు కంప్యూటర్ల పని చూస్తుంటాను. 2025లో ఈ సొసైటీకి చేసిన పని, ఎందుకలా చేశామన్నది ఇక్కడ రాస్తున్నాను. ఇటు మన జిల్లాలో, అటు ప్రకాశంలో ఇదే పరిస్థితిలో ఉన్న సంస్థలు నాకు చాలానే తెలుసు.

పోర్టు వైపు ఉన్న ఒక కంపెనీ సీఎస్‌ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సామాజిక సేవకు పెట్టే డబ్బు, ఇస్తామని ముందుకొచ్చింది. సొసైటీకి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉంది. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవాలంటే అది తప్పనిసరి. అగ్రిమెంటుకు ముందు కంపెనీవాళ్లు ఒక ప్రశ్నల పట్టిక పంపారు. అందులో ఒక వరుస: మీ ఆఫీసులో వాడే సాఫ్ట్‌వేర్ల జాబితా, వాటి లైసెన్సులు, బిల్లులు. మాస్టారు నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇదీ: "కంప్యూటర్ కొన్నప్పుడే అన్నీ వేసిచ్చాడు గదయ్యా, దానికి మళ్లీ బిల్లేంది?"

వెళ్లి చూస్తే మన ఊళ్లలో మామూలుగా కనిపించేదే. అయిదు డెస్క్‌టాప్‌లు, అన్నీ పాతబడిన ఐ3లు, నాలుగేసి జీబీ ర్యామ్. కొన్నింట్లో విండోస్ 7, కొన్నింట్లో విండోస్ 10. అన్నీ క్రాక్ చేసినవే, అంటే కొనకుండా లైసెన్సు తాళం పగలగొట్టి వాడుతున్నవే. ఆఫీసూ క్రాకే, పేజ్‌మేకరూ క్రాకే. క్రాక్ చేసే టూలును వైరస్ అని పట్టుకుంటోందని యాంటీవైరస్‌ను ఆపేసి పెట్టారు. ముసలివాళ్ల ఆధార్ కాపీలు, పిల్లల ఫొటోలు, దాతల పాన్ నంబర్లు ఉన్న మెషీన్ల మీద! లైసెన్సు మాట పక్కన పెట్టినా, నన్ను కంగారు పెట్టింది ఇదే.

మాస్టారి మొదటి ఆలోచన సబబైనదే. "సేవాసంస్థలకు మైక్రోసాఫ్ట్, గూగుల్ అన్నీ ఫ్రీగా ఇస్తాయంట గదా, తెప్పించు." ఇస్తాయి, నిజమే. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూమెంటర్ పేరుతో మొదలై తర్వాత టెక్‌సూప్ అయిన సంస్థ చేసే పని అదే. పెద్ద కంపెనీలు విరాళంగానో తగ్గింపు ధరకో ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను, అర్హత చూసి, చిన్న అడ్మిన్ ఫీజు తీసుకుని సంస్థలకు అందిస్తుంది. మన దేశంలో ఇది నాస్కామ్ ఫౌండేషన్ ద్వారా బిగ్‌టెక్ పేరుతో వచ్చింది. గూగుల్, మైక్రోసాఫ్ట్, కాన్వా లాంటివాళ్లకు సొంత పథకాలు కూడా ఉన్నాయి.

కానీ ఇలా ఇచ్చింది ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు. మైక్రోసాఫ్ట్ చాలా ఏళ్లపాటు సేవాసంస్థలకు బిజినెస్ ప్రీమియం లైసెన్సులు పది దాకా ఉచితంగా ఇచ్చింది. అంటే వర్డ్, ఎక్సెల్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే పూర్తి ఆఫీసు. 2025 జులై నుంచి, ఎవరి రెన్యూవల్ తేదీ వచ్చినప్పుడు వాళ్లకు, అది ఆపేసింది. ఇప్పుడు ఉచితంగా మిగిలింది బిజినెస్ బేసిక్. అది 300 మంది దాకా ఇస్తారు గానీ అందులో వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ మాత్రమే పనిచేస్తాయి. ప్రీమియం కావాలంటే డిస్కౌంటులో కొనుక్కోవాలి. వాళ్ల వస్తువు వాళ్లిష్టం, తప్పేం లేదు. అయితే ఆఫీసు పనంతా ఆ పది లైసెన్సుల మీదే పెట్టుకున్న సంస్థలకు ఆ ఏడాది బడ్జెట్‌లో లేని ఖర్చు వచ్చి పడింది.

అందుకని మాస్టారికి, కార్యవర్గానికి నేను చెప్పిన వరుస ఇది. ఎవరూ వెనక్కి తీసుకోలేనిదాన్ని ముందు వాడదాం. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోగలిగినదాన్ని, తీసుకుంటే వారంలో బయటపడగలిగే పనులకే వాడదాం. ఈ రెండింటితో జరగని పనికి మాత్రం డబ్బు పెట్టి కొందాం. ఇక్కడినుంచి అన్ని నిర్ణయాలూ ఈ వరుసలోనే సాగాయి.

మెషీన్లు

విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఈ పాత ఐ3ల మీదికి రాదు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ అయినా ఉండాలి. అయిదు కొత్త కంప్యూటర్లు కొనే స్తోమత లేదు. నాలుగింటికి ఎస్‌ఎస్‌డీలు, కొంచెం ర్యామ్ వేసి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాం. ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, తేలిగ్గా నడుస్తుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఈ ఖర్చంతా కలిపినా ఒక కొత్త కంప్యూటర్ ధరలో సగం దాటలేదు.

అయిదోదాన్ని లినక్స్‌కి మార్చలేదు. దాని బదులు అసలైన విండోస్ 11 లైసెన్సుతో ఒక సెకండ్ హ్యాండ్ మెషీన్ బిల్లుతో సహా కొన్నాం. ఆన్‌లైన్‌లో సంతకం చేయడానికి తగిలించే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ దానిమీద గొడవ లేకుండా నడుస్తుంది. ప్రతి జిరాక్స్ షాపులోనూ కనిపించే ఆ చిన్న లేజర్ ప్రింటరు ఒకటుంటుందే, దానికి లినక్స్ డ్రైవర్‌తో కుస్తీ పట్టడం కన్నా విండోస్ మెషీన్‌కి తగిలించి నెట్‌వర్క్‌లో షేర్ చేయడం సుఖం. మొత్తం లినక్సే ఉండాలని పట్టుబట్టే మిత్రులు నాకున్నారు. వాళ్లు ఈ ఆఫీసుకొచ్చి, దాతల లెక్కలు పంపే మే నెలాఖరులో ఒక్కరోజు కూర్చుంటే బాగుండు.

అకౌంట్ల సంగతీ అంతే. గ్నూక్యాష్ ఉంది, ఉచితం, మంచిదే. కానీ ఆడిటర్ గారు టాలీ తప్ప ఇంకోటి ముట్టుకోరు. ఆయనతో పోట్లాడి గెలిచేదేమీ లేదు. టాలీ ఆయన ఆఫీసులోనే ఉంటుంది. సొసైటీలో వోచర్లు, క్యాష్ బుక్ కాల్క్ (లిబ్రే ఆఫీసులో ఎక్సెల్ లాంటిది) షీట్‌లో రాసి నెలకోసారి పంపుతున్నారు. టాలీ కొనాల్సిన పనే పడలేదు.

లిబ్రే ఆఫీసు, అనూ అక్షరాలు

మైక్రోసాఫ్ట్ ఆఫీసు బదులు పెట్టింది లిబ్రే ఆఫీసు, ఉచితం. అది 2010లో ఓపెన్ ఆఫీసు నుంచి విడివడి వచ్చింది, ది డాక్యుమెంట్ ఫౌండేషన్ చూసుకుంటోంది. దాని వాడకం నేర్పడం అసలు సమస్యే కాలేదు. మెనూలు కాస్త అటూ ఇటూ ఉంటాయంతే. సమస్య తెలుగుతో వచ్చింది.

ఆఫీసులో ఒకావిడ ఉన్నారు, చాలా ఏళ్లనుంచి టైపింగ్ అంతా ఆవిడే. కలెక్టర్ గారికి అర్జీ అయినా, క్యాంపు కరపత్రం అయినా పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ మీద టకటకా కొట్టేస్తారు. పాత ఫైలు ఒకటి కొత్త మెషీన్‌లో తెరిస్తే స్క్రీన్ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ఎక్కడిదో ఫ్రెంచి అక్షరం. "ఏంది సార్ ఇది, నా పదేళ్ల పని పోయిందా?" అని ఆవిడ నిలబడిపోయారు. పోలేదు. అనూ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ మెషీన్‌లోనైనా తెలుగుగానే కనిపించే ప్రామాణిక పద్ధతిలో లేవు. లోపల ఉండేది మామూలు ఇంగ్లీషు అక్షరమే, దానిమీద తెలుగు బొమ్మ తొడిగి చూపిస్తాయి. ఆ ఫాంటు లేకపోతే లోపలిదే కనిపిస్తుంది. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒత్తులు కొన్నిచోట్ల చెదురుతాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి.

ఇక టైపింగ్. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డు నేర్చుకోమంటే ఆవిడ ఉద్యోగం మానేసేవారేమో. లినక్స్‌లో ఐబస్ అనే ఇన్‌పుట్ పద్ధతి ఉంటుంది, దాంట్లో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. అచ్చం ఆవిడ వాడిందే కాదు గానీ చేతికి దగ్గరగా వచ్చింది. కొన్ని ఒత్తుల తేడాలు కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నారు. మండలి, రామభద్ర, సురన్న లాంటి ఫాంట్లు ఉచితమే, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. కరపత్రాలకు సరిపోయాయి. ఇప్పుడు ఆవిడ టైప్ చేసిన అర్జీ వాట్సాప్‌లో పంపినా అవతలివాళ్లకు తెలుగులోనే కనిపిస్తోంది. ఇన్నాళ్లూ దాన్ని ప్రింటు తీసి, ఫొటో తీసి పంపేవారు. డబ్బు మిగలడం కన్నా ఆవిడకు ఎక్కువ నచ్చింది ఇదే.

బ్యానర్లకు కాన్వా. సేవాసంస్థలకు ప్రో సదుపాయాలు 50 మంది దాకా ఉచితం. ఫ్లెక్సీ షాపుకు మాత్రం ప్రింటు కోసం తీసిన పీడీఎఫ్ ఇవ్వండి, ఫైలు ఇచ్చి మళ్లీ టైప్ చేయించుకోకండి. వాళ్ల చేతిలో పడితే "ఉచిత నేత్ర వైద్య శిబిరం" ఏమవుతుందో చెప్పలేం.

గూగుల్ దరఖాస్తు, ఒక అక్షరం తేడా

ఈమెయిలు, డ్రైవ్ గూగుల్‌లో పెట్టుకోవాలని నిర్ణయించాం. సేవాసంస్థలకిచ్చే వర్క్‌స్పేస్ ఉచితం, అందరికీ కలిపి 100 టెరాబైట్ల నిల్వ. వెనక్కి తీసుకుంటారేమో అన్న ప్రశ్న దీనికీ వర్తిస్తుంది. కాకపోతే మెయిల్ మన సొంత డొమైన్ (సంస్థ పేరుతో తీసుకునే వెబ్ అడ్రసు) మీద ఉంటే రేపు వేరే చోటికి మార్చుకున్నా అడ్రసు మారదు. డొమైన్‌కి ఏడాదికి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూ. ఈ మొత్తం ఏర్పాటులో విడిచిపెట్టకూడని ఖర్చు ఏదైనా ఉందంటే అది ఇదే.

సొసైటీకి ఇంతకుముందే ఒక డొమైన్ ఉండేది. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు తన సొంత మెయిల్ మీద కొన్నాడు. తర్వాత బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, నంబరు మారింది, రెన్యూవల్ నోటీసులు ఆ మెయిల్‌కే పోయాయి. డొమైన్ చేయి జారింది. అతన్ని తప్పు పట్టడానికి లేదు, పాపం ఊరికే చేసిపెట్టాడు. పాత లెటర్‌హెడ్‌ల మీద ఇప్పటికీ ఆ అడ్రసే ఉంది. అదే పేరు మళ్లీ దొరకలేదు, కొత్తది తీసుకున్నాం. సొసైటీ పేరు మీద, సొసైటీ సిమ్ నంబరుతో.

దరఖాస్తుకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, సంస్థకు పన్ను మినహాయింపునిచ్చే 12ఏబీ ఆర్డరు, దాతలకు పన్ను మినహాయింపునిచ్చే 80జీ ఆర్డరు, సేవాసంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాం. గూగుల్ తరఫున అర్హత చూసేది గుడ్‌స్టాక్ అనే సంస్థ. మొదటిసారి వెనక్కి వచ్చింది. సంస్థ పేరులో "సేవా" అనే మాట ఉంది. 2001 ఏపీ సొసైటీల చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఇంగ్లీషులో చివర ఒక "ఏ", పాన్ కార్డులో రెండు. దర్పణ్‌లో మరో తీరు, పైగా చివర సొసైటీ అన్న మాటే లేదు. మనకు అదంతా ఒకటే పేరు. ఎక్కడో కూర్చుని కాగితాలు పోల్చేవాళ్లకు మూడు వేరు వేరు సంస్థలు.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరే అసలైనది. పాన్‌ను దానికి తగ్గట్టు దిద్దించాం, దర్పణ్ ప్రొఫైల్ సరిచేశాం, ఆ తర్వాత మళ్లీ పెడితే ఆమోదం వచ్చింది. ఈ పని సాఫ్ట్‌వేర్ కోసమే మొదలుపెట్టినా, సీఎస్‌ఆర్ కంపెనీ కూడా ఆ తేడా గురించి అడగబోతోందని తర్వాత తెలిసింది. ఎవరైనా ఉచిత పథకాలకు దరఖాస్తు పెట్టబోతుంటే ముందు మీ కాగితాలన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచి, పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. అడ్రసు కూడా.

గూగుల్ పథకం స్కూళ్లకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ సంస్థలకు వర్తించదు. స్కూళ్లకు విడిగా ఎడ్యుకేషన్ వర్క్‌స్పేస్ ఉంది. మనవాళ్లు నడిపేవి ట్యూషన్ సెంటర్లు, కంటి క్యాంపులు. దరఖాస్తులో "స్కూల్", "హాస్పిటల్" అని బడాయిగా రాసుకుంటే చేతులారా చెడగొట్టుకున్నట్టే. చేసే పని ఉన్నది ఉన్నట్టు రాశాం.

అదే పథకంలో యాడ్ గ్రాంట్స్ ఉంది, గూగుల్ సెర్చ్ ప్రకటనలకు నెలకు 10,000 డాలర్ల విలువ దాకా. కమిటీలో ఒక సభ్యుడికి ఆ అంకె చూడగానే కళ్లు మెరిశాయి. నేను వద్దన్నాను. అది చేతికొచ్చే డబ్బు కాదు, ప్రకటనలు చూసినవాళ్లలో కనీసం 5 శాతం మంది క్లిక్ చేస్తుండాలి, దానికి మంచి వెబ్‌సైట్, రోజూ చూసుకునే మనిషి కావాలి. ఈ సొసైటీకి డబ్బిచ్చేవాళ్లు ఊరివాళ్లు, ఊరినుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు. వాళ్లకు మాస్టారి వాట్సాప్ మెసేజే ప్రకటన. ఇంకో చిక్కు ఉంది: సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, లేదు.

దాతల పట్టిక

2025లో ఉన్న నిబంధనల ప్రకారం, 80జీ ఉన్న సంస్థ ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలు ఫారం 10బీడీలో మే 31 లోపు పెట్టి, దాతలకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి ఇది వచ్చింది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల ఫీజు. నగదుగా 2,000 దాటి ఇచ్చినదానికి దాతకు పన్ను మినహాయింపు రాదు. ప్రతి మే నెలలో ఈ ఆఫీసులో టెన్షన్ ఇంతా అంతా కాదు: రసీదు పుస్తకాలు ముందేసుకుని, ఒక్కో దాతకీ ఫోన్ చేసి "అన్నా, మీ పాన్ నంబరు ఒకసారి చెప్తారా" అని అడగడం, విన్నది తప్పుగా రాసుకోవడం.

దీనికి దాతల నిర్వహణ సాఫ్ట్‌వేర్లు డిస్కౌంటులో ఉన్నాయి. వందల్లో దాతలున్న సంస్థకు అవి ఎక్కువే. కాల్క్‌లో ఒకే షీట్ తయారుచేశాం, కాలమ్‌లు 10బీడీ టెంప్లేటు వరుసలోనే. చెల్లింపు విధానం టైప్ చేయక్కర్లేదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. నగదు అని ఎంచుకుని 2,000 దాటితే ఆ గడి ఎర్రబడుతుంది. పాన్ గడిలో అయిదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం లేకపోతే తీసుకోదు. పాన్‌లో నాలుగో అక్షరం మనిషా సంస్థా చెబుతుంది, "పి" అయితే వ్యక్తి, "సి" అయితే కంపెనీ, "టి" అయితే ట్రస్టు. వ్యక్తి పేరు రాసి కంపెనీ పాన్ వేస్తే పక్క గడిలో "చూడండి" అని వస్తుంది. పాత రసీదులు ఎక్కిస్తుంటే అలాంటివి బయటపడ్డాయి. ఒకాయన సొంత విరాళానికి తన క్రషర్ కంపెనీ పాన్ ఇచ్చాడు.

ఇంకో కాలమ్ నేను పట్టుబట్టి పెట్టించాను: పాస్‌పోర్టు ఏ దేశానిది. అమెరికాలో ఉన్న మన ఊరి అబ్బాయి ఇప్పటికీ భారత పౌరుడైతే, తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపినది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ లేకుండా ముట్టుకోకూడదు. "మనోడే గదా" అనుకుని తీసుకుంటే సంస్థ చిక్కుల్లో పడుతుంది. ప్రపంచమంతా కనిపించే ప్రకటనలు వద్దనడానికి ఇదీ ఒక కారణం. డబ్బు వచ్చే ముందు అడగడం తేలిక, వచ్చాక వెనక్కి పంపడం కష్టం.

ఊళ్లలో సర్వే

మందులు అందుకునే ముసలివాళ్ల వివరాలు ఫీల్డు వర్కర్లు నోటుబుక్‌లో రాసుకొచ్చేవారు, ఆఫీసులో మళ్లీ టైపు. గూగుల్ ఫామ్ పెడదామన్నారు. సీతారామపురం వైపు కొండల దగ్గర సిగ్నల్ ఎక్కడ ఉంటుందో, ఎక్కడ ఉండదో వాళ్లకే బాగా తెలుసు. అందుకని కోబో టూల్‌బాక్స్ ఎంచుకున్నాం. హార్వర్డ్ హ్యుమానిటేరియన్ ఇనిషియేటివ్‌లో మొదలైంది, సేవాసంస్థలకు ఉచిత ప్లాన్ ఉంది, కోడ్ కూడా ఓపెన్. ఫామ్ ఒకసారి ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి దింపుకుంటే నెట్ లేకుండా నింపొచ్చు, సిగ్నల్ అందిన చోట పంపొచ్చు. ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు. ఎప్పుడైనా మొత్తం ఎక్సెల్ ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. నా వరుసలో రెండో మెట్టుకు ఇది బాగా సరిపోయింది.

మొదట రాసిన ఫామ్ చాలా పొడుగు. ఎండలో అరుగు మీద కూర్చున్న ముసలమ్మను అన్ని ప్రశ్నలు అడిగితే సగంలోనే "ఇంక చాల్లే నాయనా, మాత్రలిచ్చి పో" అంటుంది, న్యాయమే. మందులకు, తర్వాతి సందర్శనకు అవసరమైనవి మాత్రం ఉంచి మిగతావి కొట్టేశాం. ఆధార్ ఫొటో తీసే ప్రశ్నే తీసేశాం. పింఛను అర్జీ రాసేటప్పుడు తప్ప ఆ కాపీ మనకెందుకు? ఆధార్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు కూడా కార్యవర్గ తీర్మానంతోనే మానిపించాం. ఒక పెద్ద వయసు వర్కర్ ఫోన్‌లో నింపనన్నారు. ఆయన నోటుబుక్కే రాస్తారు, ట్యూషన్ చెప్పే అమ్మాయి దాన్ని ఎక్కిస్తుంది. ఆయనకున్నంత ఊళ్ల పరిచయం ఇంకెవరికీ లేదు. ఫోన్ కోసం ఆయన్ని పోగొట్టుకోవడం తెలివితక్కువ పని.

తాళాలు

గూగుల్ అడ్మిన్ హక్కులు ఇద్దరికి ఇచ్చాం, సెక్రటరీకి, ట్రెజరర్‌కి. నాకు లేవు. నేను అడిగి మరీ తీయించుకున్నాను. పని ఉన్నప్పుడు వాళ్లు లాగిన్ అయి పక్కన కూర్చుంటారు. రెండంచెల వెరిఫికేషన్‌కి సొసైటీ సిమ్. రికవరీ కోడ్లు ప్రింటు తీసి కవరులో పెట్టి, సీలు వేసి, మినిట్స్ బుక్కులుండే బీరువాలో ఉంచారు. కార్యవర్గం మారినప్పుడు క్యాష్ బుక్కు, చెక్కు పుస్తకాలతో పాటు అడ్మిన్ అకౌంట్లు, డొమైన్, కోబో లాగిన్ కూడా సంతకాలతో అప్పజెప్పాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాయించాం. "చెక్కు బుక్కుతో సమానమా ఇది?" అని ఒకరన్నారు. పాత డొమైన్ కథ తెలిసిన మాస్టారు ఆయనకు జవాబు చెప్పారు, నేను నోరు విప్పాల్సిన పని పడలేదు.

కంపెనీ పట్టికలో సాఫ్ట్‌వేర్ వరుసను ఇలా నింపాం: లినక్స్ మింట్, లిబ్రే ఆఫీసు, ఉచిత లైసెన్సు, విండోస్ 11 ఒకటి, బిల్లు జతచేశాం, గూగుల్ వర్క్‌స్పేస్, కాన్వా, కోబో, సేవాసంస్థల పథకం కింద, ఆమోద మెయిళ్లు జతచేశాం. వాళ్లు ఇంకేం అడగలేదు.

వర్క్‌స్పేస్, కాన్వా, కోబో మూడింట్లోంచీ డేటా మొత్తం ఒక హార్డ్ డిస్కుకి దించే పని మూడు నెలలకోసారి ట్రెజరర్ చేయాలి. మొదటిసారి నేను పక్కనుండి చేయించాను, రెండోసారి ఆయనే చేశారు. అనూలో ఉన్న పాత ఫైళ్లు మార్చడం ఇంకా నడుస్తోంది. అన్నీ మార్చక్కర్లేదని, భూమి కాగితాలకూ కోర్టు వ్యవహారాలకూ సంబంధించినవి, దాతల ఉత్తరాలు చాలని మాస్టారే జాబితా రాసిచ్చారు.